జీతం లేని డ్రైవరు

ఆ నీళ్ళు ఆ పిల్ల కావాలనే పోసిందని అతను అంటాడు. కింద మనిషి ఉన్నాడని తనకు కల వచ్చిందా అని ఆ పిల్ల అంటుంది. ఆ తగువు ఎప్పటికీ తెగలేదు కాబట్టి, జరిగింది మాత్రం చెప్పుకుందాం.

తెల్లవార్లూ వాన కురిసింది. షెడ్డు ముందు నిలబెట్టిన లారీ మీది టార్పాలిన్ మధ్యలో కుంగిపోయి, అందులో నీళ్ళు చిన్న చెరువులా నిలిచాయి. ఆ పిల్ల లారీలోకెక్కి, పొడుగాటి కర్ర పెట్టి టార్పాలిన్‌ను కిందనుంచి పైకి ఒక్క పోటు పొడిచింది. చెరువు మొత్తం ఒక్క పెట్టున ఒక పక్కకి దొర్లింది. ఆ పక్కనే, కాస్త చినుకులు తగ్గేదాకా అని లారీకి ఆనుకుని నిలబడ్డాడు అతను, చంకలో సంచీతో, ఇస్త్రీ చొక్కాతో.

"ఎవరండీ అక్కడ?" అని పైనుంచి తల బయటపెట్టి అడిగింది.

"ఇందాకటిదాకా పొడిగా ఉన్నవాణ్ణి."

"పొడిగా ఉండాలంటే ఇంట్లో ఉండాలి. లారీ కింద ఏం పని?"

"ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి వచ్చాను. మీ పాత ఏజెంటుగారు రిటైరయ్యారు. మీ బండ్ల పాలసీలు ఈ నెలాఖరుతో అయిపోతున్నాయి."

"ఇన్సూరెన్సా? మరింకేం, తడిసినందుకు క్లెయిమ్ చేసుకోండి."

"కుదరదండీ. దేవుడు కురిపిస్తే ఏదో ఒకటి ఇస్తారు. మనుషులు పోస్తే ముందు పోలీసు కంప్లైంటు తెమ్మంటారు."

ఆ పిల్లకి నవ్వొచ్చింది. నవ్వు కనపడకుండా తల లోపలికి లాక్కుంది. కానీ టార్పాలిన్ ఊగడం అతను చూశాడు. మనిషి నవ్వు ముఖంలో కాకుండా టార్పాలిన్‌లో చూడడం అతనికదే మొదటిసారి.

వాళ్ళవి మూడు లారీలు. రెండు పాతవి, ఒకటి కొత్తది. తండ్రి జీవితమంతా స్టీరింగు పట్టి, చూపు మందగించాక దిగిపోయాడు. తల్లి పిల్లల చిన్నప్పుడే పోయింది. లోడ్లు మాట్లాడేది, టైర్లు చూసేది, డ్రైవర్ల మీద అరిచేది అంతా ఈ పిల్లే. షెడ్డులో అందరూ ఆమెను "హ్యాండ్‌బ్రేకు" అని పిలిచేవారు. ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు ఆపి, ఎందుకని అడిగి, ఆ తర్వాత వదిలేది.

ఆఫీసు గదంటే రేకుల పంచ. ఒక బల్ల, ఒక బెంచీ, గోడకు వేలాడే ఫ్యాన్ బెల్టులు. మూల కుర్చీలో ఆ పిల్ల తండ్రి, పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అతను తడి సంచీలోంచి కాగితాలు తీసి, ఒక్కొక్కటీ విదిలించి బల్ల మీద పరిచాడు. ఆ పిల్ల అతని ముందు ఒక తుండుగుడ్డ, ఒక టీ గ్లాసు పెట్టింది. అదే ఆమె చెప్పిన క్షమాపణ.

"తక్కువలో అయ్యే పాలసీ ఏది?" అంది.

"థర్డ్ పార్టీ అండి. అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. మన లారీ పోయి ఎవరినైనా గుద్దితే, వాళ్ళకి ఇస్తారు."

"మరి మాకు?"

"మీకేం రాదు."

"కట్టేది మేము, తినేది దారినపోయేవాడా? సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే."

"అందుకే ఫుల్ పాలసీ ఉంది. దాన్లో మీ బండికీ ఇస్తారు. కాకపోతే బండి పాతబడే కొద్దీ కోత పెడతారు. హెడ్‌లైటు పగిలితే సగం హెడ్‌లైటు డబ్బులే వస్తాయి."

"సగం హెడ్‌లైటుతో ఏం చేయను, ఒంటికన్నుతో తోలనా?"

"కోత లేకుండా కావాలంటే బంపర్ టు బంపర్ అని ఉంది. ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా ఏది పోయినా పూర్తిగా ఇస్తారు."

"బంపరో బంపరని పాటలా పాడుతున్నారే. సరే, మూడిటికీ అదే రాయండి."

అతను తల అడ్డంగా ఊపాడు. "వద్దండీ. పాత రెండిటికీ దండగ. అవి పోయినా వచ్చేది ఇంతే, కట్టేదేమో అంత. వాటికి థర్డ్ పార్టీ, దొంగతనం, అగ్నిప్రమాదం ఉంటే చాలు. కొత్తదానికి మాత్రం బంపర్ టు బంపర్ తీసుకోండి."

ఆ పిల్ల చేతిలో టీ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది. "మీరు నిజంగా ఏజెంటేనా?" అని అడిగింది. అంతవరకూ కాగితాలను చూసిన మనిషి, అప్పుడే అతన్ని చూసింది. అతను తుండుగుడ్డతో తల తుడుచుకోవడం మొదలుపెట్టాడు, అప్పటికే తల ఆరిపోయినా.

"లోడు ఏమేస్తారు?"

"అద్దాలు. గాజు పలకలు."

"అయితే దానికి వేరే పాలసీ. లారీ పాలసీ లారీకే, లోపలి సరుక్కి కాదు."

"గొడుక్కి వేరు, గొడుగు కింద మనిషికి వేరు అన్నమాట. మీ దగ్గర అన్నీ వేరుకాపురాలే."

మూల కుర్చీలోంచి పెద్దాయన కిసుక్కున నవ్వాడు. అతను కూడా నవ్వుతూనే ఆఖరి ప్రశ్న అడిగాడు.

"డ్రైవర్లంతా జీతం మీద ఉన్నవాళ్ళేగా?"

"మా డ్రైవర్లా? అందరూ మా ఇంటి మనుషులే."

ఇదిగో, కథంతా ఈ మాట దగ్గరే ఉంది. ఈ మాట అతను అడుగుపెట్టిన ప్రతి షెడ్డులోనూ విన్నాడు. జీతం పెంచమని అడిగేదాకా ప్రతి ఓనరుకీ డ్రైవర్లు ఇంటి మనుషులే. అలవాటు కొద్దీ తల ఊపి, "జీతం మీద డ్రైవర్లు" అన్న చోట టిక్కు పెట్టేశాడు. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, అతను తప్పుగా వినలేదు. మాట ఒకటే, అర్థాలు రెండు.

పాలసీ కాగితాలు పోస్టులో పంపితే సరిపోయేది. అతను స్వయంగా తెచ్చాడు. తర్వాత రసీదు తెచ్చాడు. ఆ తర్వాత ఆఫీసు క్యాలెండరు తెచ్చాడు, సంవత్సరం సగం అయిపోయాక. పెన్ను మర్చిపోయానని ఒకసారి, మర్చిపోయింది ఇక్కడ కాదేమోనని మరోసారి వచ్చాడు. షెడ్డు వాళ్ళు అతనికి "బంపరు బాబు" అని పేరు పెట్టేశారు.

ఆ క్యాలెండరు రోజునే కొత్త లారీ హారను కొట్టుకుంటూ లోపలికొచ్చింది. క్యాబిన్‌లోంచి ఆరడుగుల మనిషి ఒక్క గెంతు గెంతి దిగాడు.

"ఇతనేనా చెల్లీ, నువ్వు స్నానం చేయించింది?"

"నేనేం చేయించలేదు."

"పాపం, మనిషికి మడ్‌గార్డు లేదు, అందుకే తడిశాడు." అంటూ అతని భుజం మీద చెయ్యేశాడు. ఆ బరువుకి అతని భుజం ఇంత కిందకి దిగింది. "ఏం బావా, బాగున్నావా?"

బావా అన్న పిలుపుకి ఇద్దరు మనుషులు ఎర్రబడ్డారు. ఒకరు వెంటనే టైరు గాలి చూడడానికి వెళ్ళిపోయారు. ఉన్నవాడు మాట మార్చాలని "కొత్త బండి మీరు నడుపుతారా?" అని అడిగాడు.

"కొన్న రోజు నుంచీ నేనే. వేరేవాణ్ణి తాకనివ్వను."

"మీరు ఆవిడకి..."

"అన్నని. ఒక అమ్మ కడుపునే పుట్టాం. నమ్మకం కుదరకపోతే మా ముక్కులు చూడు."

అతను ముక్కులు చూడలేదు. అతనికి ఆ మాట గుర్తొచ్చింది. అందరూ మా ఇంటి మనుషులే. చేతిలో క్యాలెండరు బల్ల మీద పెట్టి, బెంచీ మీద కూర్చుని, అన్నకీ పెద్దాయనకీ మెల్లగా చెప్పాడు.

"పాలసీలో మనిషికి రెండే కుర్చీలున్నాయండీ. ఒకటి ఓనరుది. బండి నాన్నగారి పేరు మీద ఉంది కాబట్టి అది ఆయనది. రెండోది జీతం మీద పనిచేసే డ్రైవరుది. అన్నగారు రెండిట్లోనూ లేరు. రేపు ఏదన్నా జరిగితే బండికి వస్తుంది, అద్దాలకి వస్తుంది, ఆయనకి రాదు."

"అంటే నేను రెంటికీ చెడ్డ రేవడినన్నమాట," అని అన్న నవ్వాడు.

"నెల నెలా జీతం తీసుకుంటున్నట్టు పెడితే సరిపోతుంది. నిజంగానే తీసుకోవాలి."

"జీతమా? మా నాన్న దగ్గరా? ఒకటో తారీఖు చేతులు కట్టుకుని అయ్యగారూ అనాలా?" ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. కానీ పెద్దాయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా కొడుకు నా దగ్గర జీతగాడు కాదు బాబూ," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

అతను తడబడ్డాడు. "పోనీ, ఆయన పేరు మీద విడిగా ఇంకో పాలసీ..."

ఇంకో పాలసీ అన్న మాట ఆ పిల్ల చెవిన పడింది. టైరు దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఇంకోటా? మొన్న ఆ రెండు బండ్లకీ వద్దన్నప్పుడు, ఈయన వేరే రకం అనుకున్నాను. గాలానికి ఎర గుచ్చుతున్నారని నాకేం తెలుసు."

"అది కాదండీ..."

"టీ తాగడానికి వస్తున్నారనుకున్నాను. పాలసీలమ్మడానికి అని ముందే చెబితే, గ్లాసు లెక్క రాసుకునేదాన్ని."

చూడండి, మంచి మాట చెప్పేవాడికి ఒక చిక్కుంటుంది. ఎదుటివాళ్ళు తనని మంచివాడనుకోవాలని మనసులో ఉంటే, మాట సగంలోనే ఆగిపోతుంది. అతను సంచీ మూసేశాడు. "వదిలేయండి. ఊరికే అన్నాను," అన్నాడు.

మళ్ళీ వచ్చినప్పుడు సంచీ తేలేదు. ఉత్తి చేతులతో వచ్చాడు. ఆ పిల్ల అతని చేతులకేసి చూసి, ఏమీ అనకుండా టీ పెట్టింది. ఈసారి రెండు గ్లాసులు తెచ్చి, రెండోది తను తాగింది.

ఆ రోజులు ఎలా గడిచాయంటే, ఒక్క సంగతి చెబితే చాలు. టార్పాలిన్ మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని, దులిపి, ఎదురెదురుగా నడిచి రావాలి. ఒక్కొక్క మడతకీ మనుషులు దగ్గరవుతారు. షెడ్డులో పనివాళ్ళు లేక కాదు, ఎందుకో ఆ పని వాళ్ళిద్దరి వంతుకే వచ్చేది. అతను కొస అందించేవాడు, ఆ పిల్ల అందుకునేది. వేళ్ళు తగిలాయో లేదో తేల్చుకునేలోపే మళ్ళీ వెనక్కి నడవాలి.

"నాలుగు మడతలకే పెట్టెలో పడుతుంది. అయిదోది ఎందుకు బావా?" అనేవాడు అన్న, క్యాబిన్ మెట్టు మీద కూర్చుని.

"అయిదోది వేస్తే చిన్నగా ఉంటుందని," అనేవాడు అతను.

"మరి మొన్న ఆరు వేశారు?"

"నీకు పని లేదా అన్నయ్యా?" అని ఆ పిల్ల గదమాయించేది. ఆ గదమాయింపులో హ్యాండ్‌బ్రేకు సగమే పడేది.

అతనికి రోజూ అనిపించేది, మళ్ళీ అడగాలని. అన్న లోడుకి బయల్దేరిన ప్రతిసారీ మాట గొంతుదాకా వచ్చేది. ఆ పిల్ల రెండు గ్లాసులతో వస్తుంటే చూసి వెనక్కి పోయేది. ఇంకొన్నాళ్ళు ఆగి, సొంత మనిషినయ్యాక చెబితే ఎవరూ తప్పుపట్టరు కదా అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం మబ్బు బాగా పట్టింది. కొత్త లారీకి అద్దాలు ఎక్కించారు, కొండ అవతలి ఊరికి. అన్న ఇంజను ఆన్ చేశాడు. ఇవాళ చెప్పి తీరాలనుకుని అతను ఫుట్‌బోర్డు మీదకెక్కి, కిటికీలోంచి తల లోపల పెట్టాడు.

"అన్నా, ఒక్క మాట చెప్పాలి."

అన్న అతని ముఖం చూసి పెద్దగా నవ్వాడు. "తెలుసులే. చెల్లెలి గురించేగా. ఎన్నాళ్ళకి నోరు తెరిచావురా నాయనా. తిరిగొచ్చాక నాన్నతో నేను మాట్లాడతాను. నువ్వు మాట్లాడితే మధ్యలో బంపరు అంటావు."

అతని ముఖమంతా వేడెక్కింది. కాదు, అది కాదు, అని అనాలి. కానీ ఆ మాట ఎంత తియ్యగా ఉందంటే, దాని మీద ఇన్సూరెన్స్ మాట పొయ్యడానికి నోరు రాలేదు. "సరే అన్నా" అని దిగిపోయాడు.

లారీ గేటు దాటి మలుపు తిరిగింది. అన్న హారను ఆగి ఆగి మోగించుకుంటూ పోయాడు, పెళ్ళి బ్యాండులా.

కొండ దిగే రోడ్డులో, జోరువానలో, మలుపు తిరగగానే నడిరోడ్డు మీద చెడిపోయి ఆగిన వ్యాను కనిపించిందట. చుట్టూ దిగి నిలబడ్డ మనుషులున్నారట. అన్న స్టీరింగు కొండ వైపు తిప్పేశాడు. వ్యానుకి ఒక్క గీత పడలేదు. మనుషుల్లో ఒక్కరికీ గోరంత దెబ్బ తగలలేదు. బండి రాతిని కొట్టింది, వెనకనున్న అద్దాల బరువంతా క్యాబిన్ మీదకొచ్చింది.

ఆ ఫోను షెడ్డులో ఆ పిల్లే ఎత్తింది. విని, పెట్టేసి, తండ్రి కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది. ఆయన "ఎవరమ్మా" అని అడుగుతూనే ఉన్నాడు. ఇంక ఆ రోజు గురించి చెప్పుకోవడం వద్దు.

తర్వాత పనులన్నీ బంపరు బాబే చూశాడు. నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చాడు, ఫొటోలు తీశాడు. వర్క్‌షాపు వాళ్ళు క్యాబిన్ మార్చారు. పగిలిన అద్దాలకి మొత్తం వచ్చింది. బండికి ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా అంతా వచ్చింది, కోత లేకుండా. పాలసీ ఎంత బాగా ఎంచుకున్నారండీ అని వర్క్‌షాపు మేస్త్రి మెచ్చుకున్నాడు. లారీ కొత్త రంగుతో షెడ్డులోకి వచ్చి నిలబడితే, నిన్న కొన్నట్టే ఉంది. పెద్దాయన కుర్చీ దానికి వీపు పెట్టి వేసుకున్నాడు.

మిగిలింది మనిషి సంగతి. దానికి కంపెనీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, చెప్పులు బయట విడిచి, వినయంగా బెంచీ చివర కూర్చున్నాడు.

"ఒక్కటే అడగాలండీ. మీ అబ్బాయికి నెల జీతం ఇచ్చేవారా?"

ఇచ్చేవాణ్ణి అంటే చాలు. తండ్రి ఆ ఒక్క మాట అంటే ఇంకెవరూ ఏమీ అడగరు. ఆ పిల్లకి తెలుసు, అతనికీ తెలుసు. ఆ పిల్ల తండ్రి భుజం మీద చెయ్యి వేసి, "నాన్నా, ఆలోచించి చెప్పు," అంది.

"కన్నకొడుక్కి జీతమేమిటండీ," అన్నాడు పెద్దాయన.

వచ్చిన మనిషి పెన్ను మూత పెట్టాడు. "అయితే మా లెక్కలో ఆయన డ్రైవరు కిందకి రారండీ. ఊరికే బండెక్కిన మనిషి కింద వస్తారు. ఏమీ అనుకోకండి."

ఆయన వెళ్ళిపోయాడు. పెద్దాయన చాలాసేపు ఆ మాటే నములుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి, తడుముకుంటూ, ఇన్నాళ్ళూ చూడని లారీ దగ్గరకి నడిచి, కొత్త తలుపు మీద చెయ్యి పెట్టాడు.

"వాడు డ్రైవరు కాదంటున్నారమ్మా," అన్నాడు.

డబ్బు రాలేదని ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చారు.

ఆ పిల్ల తండ్రిని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, గేటు దగ్గరకి వచ్చింది. అతను అక్కడే స్కూటరు పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసు," అంది.

అంతవరకూ ఆమె నోట "మీరు" తప్ప వినలేదు అతను. "నువ్వు" అని ఎప్పుడంటుందా అని ఎన్ని సాయంత్రాలు ఎదురు చూశాడో. అది వచ్చిన తీరు ఇది.

"తెలుసు. చెప్పాను కదా."

"ఒక్కసారి చెప్పావు. నేను కసిరాను, మూసుకుని పోయావు. రోజూ వచ్చేవాడివి. ఇంత మాట మళ్ళీ ఎందుకు అడగలేదు?"

"నీకు పాలసీలమ్మేవాడిలా కనపడకూడదని."

చెప్పాక గానీ అతనికి తెలియలేదు, తను ఏం చెప్పాడో. ప్రేమిస్తున్నానని చెప్పడానికి ఎన్నో మాటలు కూర్చుకున్నాడు. ఆ మాటలేవీ కాకుండా ఇది వచ్చింది. ఆమెకి అర్థమైంది. అర్థమవడం వల్ల కోపం తగ్గలేదు, పెరిగింది.

"నేను మంచివాడనుకోవాలని మా అన్నయ్యని వదిలేశావు."

అతను స్కూటరు స్టాండు వేశాడు.

"నేనూ అంతే," అంది. "ఎర అన్నాను కదా. ఈ నోటితోనే అన్నాను." గేటు వేస్తూ, "ఇంక రాకు," అంది.

అతను రాలేదు. కానీ ఉద్యోగం మానలేదు. ఆ చుట్టుపక్కల ఏ షెడ్డులోనైనా ఓనరు "అందరూ ఇంటి మనుషులే" అంటే చాలు, కుర్చీ జరుపుకుని కూర్చునేవాడు. తమ్ముడా, అల్లుడా, మేనల్లుడా, జీతం చేతికిస్తారా లేదా అని విసుగొచ్చేలా అడిగేవాడు. కసిరితే మర్నాడు వచ్చేవాడు. చీదరించుకుంటే ఇంకో రోజు వచ్చేవాడు. కొందరు సంతకం పెట్టారు. కొందరు కుక్కని వదిలారు. రాత్రి ఇంటికి పోయి ఒంటరిగా అన్నం తింటుంటే, ఆ ఒక్క షెడ్డులో ఇంత మొండితనం ఎక్కడ పెట్టుకున్నానని అనుకునేవాడు.

పాలసీ ఏడాదే కదా. మళ్ళీ వానలు వచ్చేసరికి గడువు వచ్చింది. వేరే ఏజెంటు దగ్గరకి పోతారని అతను అనుకున్నాడు. ఆ పిల్లే ఫోను చేసింది.

"రెన్యువల్ ఉంది. రండి," అంది. మళ్ళీ మీరు.

పంచ అలాగే ఉంది. పెద్దాయన బాగా చిక్కిపోయాడు. ఆ పిల్ల చేతులు కాయలు కాశాయి. ఒక్క గ్లాసు టీ పెట్టింది, అతనికి.

"పాత రెండిటికీ పోయినేడు లాగే. అద్దాలకీ అలాగే. కొత్తదానికి బంపర్ టు బంపర్."

అతను రాసుకున్నాడు. పెన్ను ఆపి, తల ఎత్తకుండా అడిగాడు. "కొత్తది ఎవరు నడుపుతున్నారండీ?"

"నేను. హెవీ లైసెన్సు వచ్చింది."

"జీతం మీదా?"

మూలనుంచి పెద్దాయన చెప్పాడు. "ఇస్తున్నాను బాబూ. ఒకటో తారీఖున, చేతికే. మొదటి నెల చెయ్యి రాలేదు. అమ్మాయే అంది, ఇవ్వు నాన్నా, నన్ను డ్రైవరనాలి కదా అని."

అతను అక్షరం కనపడక కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మళ్ళీ అడిగాడు. "ప్రతి నెలా ఇస్తున్నారా? ఒక్క నెలైనా మానలేదు కదా?"

"చెప్పాడుగా," అంది ఆ పిల్ల.

"ఇంకోసారి చెప్పండి."

"ఇస్తున్నాడు."

"విడిగా మీ పేరు మీద యాక్సిడెంటు పాలసీ కూడా తీసుకోండి."

"వద్దు."

"తీసుకోండి."

"వద్దన్నాను కదండీ."

"ఎర అనుకున్నా ఫరవాలేదు. నన్ను చూస్తే అసహ్యం వేసినా ఫరవాలేదు. సంతకం పెట్టేదాకా లేవను."

ఆమె అతన్ని చూసింది. ఏడాదిలో అతని చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. పెన్ను అందుకుని సంతకం పెట్టింది. కాగితం మీద ఒక చుక్క పడింది, పైన రేకు కారుతోందని ఎవరూ అనలేదు.

అతను కాగితాలు సర్దుకున్నాడు. లేచాడు. లేచాక, పెద్దాయన అక్కడ ఉండగానే, గోడ మీది ఫ్యాన్ బెల్టులకేసి చూస్తూ అన్నాడు.

"ఇంకొక మాట అడగాలి. అది ఆఫీసు మాట కాదు. మీరు ఒప్పుకుంటే, నేను..." మిగతాది చెప్పడం రాలేదు. రానవసరం లేదు.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. ఆ పిల్ల బల్ల మీద టీ మరకని వేలితో రుద్దుతూ ఉండిపోయింది.

"రోజూ పొద్దున బండి ఎక్కుతుంటే అన్నయ్య కనిపిస్తాడు. అన్నయ్య కనిపిస్తే మీరు కనిపిస్తారు, ఫుట్‌బోర్డు మీద," అంది చివరికి. "నా వల్ల కాదు."

అతను తల ఊపాడు. ఆమె మాటలో న్యాయముంది. పెద్దాయనకి నమస్కారం పెట్టి, గుమ్మం దాటి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. బయట వాన అందుకుంది. సంచీ చొక్కా కింద దాచుకుని స్కూటరు వైపు రెండడుగులు వేశాడు.

"మళ్ళీ ఒక్కసారే అడిగి వెళ్ళిపోతావా?"

వెనక్కి తిరిగాడు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. చాలాకాలం నిద్రపోని మనిషి ముఖం అది. వెనక పెద్దాయన కుర్చీని చేత్తో తడుముకుంటూ గోడ వైపు తిప్పుకున్నాడు, వాళ్ళకి వీపు వచ్చేలా.

అతను తడుస్తూ వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, బెంచీ మీద మళ్ళీ కూర్చున్నాడు.